ఎడారి ఊళ్ళో ఏముంది చూడ్డానికి?

ప్రశ్న: నమస్కారం టీచర్ గారూ. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి, కోడలు ఒమన్ దేశంలో మస్కట్‌లో ఉంటారు. మూడేళ్ళ నుంచి రమ్మని ఒకటే పోరు. నాకు 58, మా వారికి 64. ఆయనేమో "గోదారి పక్కన పుట్టి ఎడారికి పోయి ఏం చూస్తాం? ఇసకే కదా. పైగా ఇక్కడ కొబ్బరికాయ దింపు ఎవరు చూస్తారు?" అంటారు. నాకు మాత్రం వెళ్ళాలనే ఉంది. తిరుపతి, కాశీ తప్ప నేనెక్కడికీ పోలేదు. ఏ నెలలో వెళ్ళాలి, ఏం పట్టుకెళ్ళాలి, గుడి ఉంటుందా, అసలు చూడదగ్గవి ఏమున్నాయో చెప్పగలరు.
– ఒక పాఠకురాలు

జవాబు: చెల్లెమ్మా, వెళ్ళండి. మీవారిని కూడా తీసుకునే వెళ్ళండి. ఆయన అడిగింది మంచి ప్రశ్న. దానికి నా దగ్గర జవాబుంది, కాస్త ఆగి చెప్తాను. ముందు ఏ నెలో తేల్చుకుందాం. ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే.

మా అమ్మాయి కాపురం కూడా మస్కట్‌లోనే. నేను మొదటిసారి వెళ్ళింది 2018 మే నెలలో. టికెట్లు కొనిచ్చిన ఏజెంటు "ఎడారి కదండీ, ఎప్పుడెళ్ళినా ఒకటే ఎండ" అన్నాడు. నేను ఆ మాట పట్టుకుని బయల్దేరాను. రాత్రి రెండింటికి ఎయిర్‌పోర్టు తలుపు దాటి బయట అడుగుపెట్టగానే కళ్ళద్దాలు ఆవిరి పట్టి ఏమీ కనపడలేదు. ఇడ్లీ పాత్ర మూత తీస్తే ముఖానికి కొడుతుంది చూడండి, ఆ వేడి. అర్ధరాత్రి పూట! నాలుగో రోజు పొద్దున్న పదింటికి ముత్రా సముద్రపు ఒడ్డున నడుస్తుంటే కళ్ళు తిరిగి బెంచీ మీద కూలబడ్డాను. మా అమ్మాయికి టెన్షన్ పట్టుకుంది. ఇక మిగతా రోజులన్నీ ఏసీ గదిలో అద్దాల కిటికీ వెనకాలే. మే, జూన్ నెలల్లో అక్కడ పగలు 40 డిగ్రీలు మామూలు, దానికి సముద్రపు తేమ తోడవుతుంది. మన రోహిణి కార్తె ఎండల్ని తట్టుకున్నాంలే అనుకోకండి. మనకి చెట్టు నీడైనా ఉంటుంది.

రెండోసారి 2023 జనవరిలో వెళ్ళాను. అదే ఊరేనా అనిపించింది. పగలు 25 డిగ్రీల చుట్టూ ఉంటుంది, తెల్లవారుజామున పల్చటి శాలువా కావాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మనలాంటి వయసువాళ్ళకి అనువైన కాలం.

మీరు ఇలా చేయండి. సంక్రాంతికి ముందు దింపు తీయించేసి, కనుమనాడు మీ దగ్గరే ఉన్న జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసుకుని, ఆ తర్వాత బయల్దేరండి. మళ్ళీ కాయ దింపుకి వచ్చేలోగా ఇంటికొచ్చేస్తారు. మీవారి అడ్డంకి అలా తీరుతుంది. రంజాన్ నెల ఎప్పుడొస్తోందో మాత్రం మీ అబ్బాయిని అడగండి. అది ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, ఈ మధ్య ఫిబ్రవరి ప్రాంతంలో వస్తోంది. రంజాన్‌లో వెళ్ళినా ఇబ్బందేం లేదు. పగలు బయట నలుగురిలో తినకూడదు, మంచినీళ్ళు కూడా తాగకూడదు, అంతే. షుగరు ఉంటే మాత్రం ఆ నెల తప్పించుకోవడం మేలు.

ఇక సామాను. మీది అంబాజీపేట అన్నారు కాబట్టి ముందు కొబ్బరి సంగతి. ఎండు కొబ్బరి, కురిడీ కాయలు విమానంలో ఎక్కనివ్వరు. చేతి సంచీలోనూ కుదరదు, లగేజీలోనూ కుదరదు. నూనె ఎక్కువ కాబట్టి వేడికి అంటుకునే సరుకు కింద లెక్క వేస్తారు. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో ఒకావిడ చేత సంచీ విప్పించి కురిడీలన్నీ తీసి పక్కన పెట్టించడం నేను చూశాను. కొడుక్కని ఏరి ఏరి తెచ్చుకుంది పాపం, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవకాయ, మాగాయ అయితే లగేజీలో వేయండి. సీసా వద్దు, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పోసి, రెండు కవర్లు తొడిగి, చుట్టూ పాత చీర చుట్టండి. పూతరేకులు మాత్రం చేతి సంచీలోనే ఉంచుకోవాలి, లగేజీలో వేస్తే పొడి పట్టుకెళ్ళినట్టే. బీపీ, షుగరు మాత్రలు డాక్టరు చీటీతో సహా, షీట్లు షీట్లుగానే ఉంచండి. ఊడదీసి డబ్బాల్లో పోసుకోవద్దు. నిద్రమాత్రలు, గట్టి నొప్పి మాత్రలు వాడుతుంటే అవి అక్కడికి తీసుకెళ్ళొచ్చో లేదో మీ అబ్బాయి చేత ముందే కనుక్కోండి.

గసగసాలు ఒక్క గింజ కూడా వద్దు. ఇది పెద్దక్షరాలతో రాసుకోండి. మనకది కోడికూరలో వేసుకునే మసాలా దినుసు. గల్ఫ్‌లో చాలా దేశాల్లో మత్తుమందు కింద లెక్క. తెలియక తెచ్చామంటే వినరు. నాకు జరిగింది చెప్తాను. రెండోసారి వెళ్ళేటప్పుడు మా వీధిలో ఒకావిడ, అక్కడ ఇంటిపని చేసుకుంటున్న కూతురికి ఇవ్వమని చిన్న మూట ఇచ్చింది. పైన అరిసెలు, కింద కారప్పొడి, మసాలా పొట్లాలు. హైదరాబాద్‌లో మా మరిది గారింట్లో రాత్రి పూట సంచీ సర్దుకుంటూ, ఎందుకో మనసొప్పక ఒక్కో పొట్లం విప్పి చూశాను. నాలుగోది విప్పితే లవంగాలు, దాల్చినచెక్క అడుగున తెల్లగా పిడికెడు గసగసాలు. ఆ తల్లికి ఏ పాపమూ తెలియదు. కూతురు ఆదివారం కూర వండుకుంటుందని వేసింది. నాకు మాత్రం ఆ రాత్రి చేతులు వణికాయి. ఎవరు ఏ మూట ఇచ్చినా వాళ్ళ ఎదురుగానే విప్పి చూసి, వాళ్ళ ఎదురుగానే సర్దుకోండి. మొహమాటపడొద్దు. ఆ మిగిలిన పొట్లాలన్నీ నేను ఆ పిల్లకి చేర్చాను. అరిసె ముక్క విరిచి నోట్లో పెట్టుకుని చాలాసేపు నమల్లేదు ఆ పిల్ల, అలాగే ఉంచుకుంది.

గుడి సంగతి అడిగారు. ఉంది. పాత మస్కట్‌లో సుల్తాను గారి అల్ ఆలం ప్యాలెస్‌కి దగ్గర్లో శివాలయం ఉంది, మోతీశ్వర్ మందిర్ అంటారు. గుజరాత్ నుంచి, ముఖ్యంగా కచ్ నుంచి వచ్చి స్థిరపడ్డ వ్యాపారులు నిలబెట్టుకున్న గుడి, వందేళ్ళ పైబడింది. 2018 ఫిబ్రవరిలో మన ప్రధాని మోదీ అక్కడికి వెళ్ళారు. దార్‌సైత్‌లో కృష్ణుడి గుడి కూడా ఉంది. ఒమన్‌తో మన సంబంధం ఇవాళ్టిది కాదు. 1970 దాకా అక్కడ రూపాయలు చెల్లాయి. 1959 నుంచి మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే నోట్లు అచ్చేసింది. ఇప్పుడు అక్కడ రియాల్, దానికి వెయ్యి బైసాలు. ఒక్క రియాల్ మన రెండొందల రూపాయల పైమాటే, కాబట్టి బజారులో "రెండే కదా" అని నోరు జారకండి. బజారులో హిందీ వస్తే చాలు.

పెద్ద మసీదు, అంటే సుల్తాన్ కాబూస్ మసీదు, తప్పకుండా చూడండి. 2001లో తెరిచారు. మన దేశం నుంచి తెచ్చిన ఇసుకరాయితో కట్టారు. ప్రార్థన హాల్లో పరిచిన తివాచీ బరువు 21 టన్నులు. ఇరాన్‌లో ఆడవాళ్ళు నాలుగేళ్ళు కూర్చుని నేశారు. మనం నడవడానికి దాని మీద వేరే పట్టా వేసి ఉంచుతారు. నేను ఆ పట్టా అంచున నిలబడి ముడులు లెక్కపెట్టడానికి ప్రయత్నించి, బొటనవేలంత మేర దగ్గరే ఆగిపోయాను. నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్ళ వేళ్ళు గుర్తొచ్చాయి. ముస్లింలు కానివాళ్ళని శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు దాకా రానిస్తారు. తల మీద గుడ్డ ఉండాలి, చేతులు మణికట్టు దాకా, కాళ్ళు చీలమండ దాకా కప్పుకోవాలి. పొట్టి చేతుల జాకెట్టుతో చీర కుదరదు. పొడుగు చేతుల జాకెట్టు ఒకటి కుట్టించుకోండి, లేదా చుడీదారు వేసుకోండి.

సాయంత్రాలు ముత్రా ఒడ్డుకి వెళ్ళండి. చేపల మార్కెట్టు, దాని పక్కన సూక్ అనే పాత బజారు, సాంబ్రాణిలాంటి లుబాన్ పొగ, కొండ మీద పోర్చుగీసువాళ్ళ నాటి కోట. వాళ్ళు 1507లో వచ్చి 1650 దాకా ఉన్నారు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా బజారు మూసే ఉంటుంది. మ్యూజియం, ఒపేరా హాలు కూడా ఉన్నాయి, వాటిని మీ అబ్బాయి ఎలాగూ చూపిస్తాడు.

ఇప్పుడు మీవారి ప్రశ్నకి వస్తాను. "ఇసకే కదా" అన్నారు. మస్కట్ అంటే ఇసుక దిబ్బలు కాదండి. పెద్ద దిబ్బల ఎడారి చూడాలంటే దాదాపు 200 కిలోమీటర్లు పోవాలి. మస్కట్ రాతి ఊరు. సముద్రానికీ కొండలకీ మధ్య ఇరుకు జాగాలో తెల్లటి ఇళ్ళు. ఆ కొండల మీద గడ్డిపోచ కూడా ఉండదు. నల్లగా, గోధుమ రంగులో ఎముకల్లా నిలబడి ఉంటాయి. ఒకప్పుడు సముద్రం అడుగున ఉన్న రాయే భూమి కదలికల వల్ల పైకెక్కి కొండలైంది. అలాంటి రాయి ఇంత విస్తారంగా బయటపడి ఉన్న చోట్లు ప్రపంచంలో అరుదు, భూగర్భ శాస్త్రం వాళ్ళు దాన్ని చూడటానికే వస్తారు.

అయితే మీవారికి నేను చూపించాలనుకునేది ఆ రాయి కాదు, నీళ్ళు.

అక్కడ ఏడాది మొత్తానికి పడే వాన దాదాపు 100 మిల్లీమీటర్లు. మనకి ఒక్క తుపాను రాత్రి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఏడాది పొడవునా పారే నది ఆ దేశంలో లేదు. మా అమ్మాయి ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చేది ఉప్పు తీసేసిన సముద్రపు నీరు. 1976లో గుబ్రా అనే చోట మొదటి ప్లాంటు పెట్టారు, తర్వాత ఇంకా పెద్దవి వచ్చాయి. వెళ్ళిన మర్నాడు నేను అలవాటు ప్రకారం కుళాయి వదిలేసి గిన్నెలు తోముతుంటే మా మనవరాలు వచ్చి కట్టేసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. దాని వయసు అప్పటికి తొమ్మిది.

సరే, ఈ ప్లాంట్లు రాకముందు ఏం చేసేవారు? దీనికి జవాబు చూడాలంటే మీరిద్దరూ ఒకరోజు నిజ్వా అనే ఊరి వైపు వెళ్ళాలి. కారులో రెండు గంటల లోపే. దారిలో బిర్కత్ అల్ మౌజ్ అనే ఊరొస్తుంది. ఆ పేరుకి అర్థం అరటి కొలను. రావులపాలెం సంతకి గెలలు మోసే మనం అంత దూరం పోయి అరటి పేరున్న ఊళ్ళో దిగుతాం! అక్కడ ఫలజ్ అల్ ఖత్మీన్ అనే కాలువ ఉంది. ఫలజ్ అంటే కొండ కింద భూమిలో ఉన్న నీటిని సొరంగం తవ్వి, వాలు మీద నడిపించి, ఊళ్ళోకి తెచ్చుకున్న కాలువ. పంపు లేదు, మోటారు లేదు, వాలు ఒక్కటే ఆధారం. ఇలాంటివి ఒమన్‌లో ఇప్పటికీ మూడు వేల దాకా పారుతున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది, ఇది ఆ ఐదింట్లో ఒకటి.

చెల్లెమ్మా, మా నాన్న బొబ్బర్లంక నుంచి వచ్చే కాలువ మీద లస్కరు. తూము తలుపు ఎత్తడం, దించడం, రాత్రిళ్ళు లాంతరు పట్టుకుని గట్టు మీద తిరగడం, దాళ్వాలో, అంటే రెండో పంటకి, వంతులు పెట్టినప్పుడు రైతుల తిట్లు తినడం. నేను కాలువ గట్టు మీద పెరిగినదాన్ని. ఆ ఫలజ్ పక్కన నిలబడితే కాలువ నా మూరెడు వెడల్పు కూడా లేదు. జానెడు లోతు. అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. వంగి చేయి పెడితే నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, చేతి కింద నుంచి గట్టిగా లాగుతూ పోతున్నాయి. దాని కింద తోట. ఖర్జూరం చెట్లు, వాటి నీడన అరటి, నిమ్మ, ఆ కింద పశువులకి పచ్చగడ్డి. మన తోటలో కొబ్బరి కింద అరటి, అరటి కింద కంద వేసుకోమూ? అచ్చం అదే వరస.

తెల్లటి పొడుగు చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన వచ్చి కాలువ పక్కన గొంతుక్కూర్చున్నాడు. పిల్లకాలువ నోట్లో గుడ్డ చుట్టిన రాయి ఒకటి బిగించి ఉంది. దాన్ని రెండు చేతులతో ఊపి లాగి, అవతలి నోట్లో పెట్టి, సందుల్లో గుడ్డపేలికలు వేలితో కుక్కాడు. నీళ్ళు ఒక్క క్షణం తటపటాయించి ఇటు తిరిగాయి. మడవ తిప్పాడు! నేను పైకే అనేశాను ఆ మాట. మా నాన్న మట్టిపెళ్ళతో, గడ్డితో చేసే పని ఆయన రాయితో, గుడ్డతో చేశాడు. మా అల్లుడు అరబ్బీలో అడిగి చెప్పాడు. ముందు ఊరికి తాగడానికి, తర్వాతే తోటలకి. తోటల వంతు గంటల్లో లెక్క, అరగంట వంతుకి అథర్ అని పేరు. పూర్వం పగలు ఎండలో కర్ర నీడ చూసి, రాత్రి చుక్కలు చూసి వంతు మార్చేవారట. ఈ వ్యవహారం చూసే ఊరి మనిషిని వకీల్ అంటారు. మనకి వకీలు అంటే కోర్టులో వాదించేవాడు, అక్కడ నీళ్ళకి కూడా వకీలున్నాడు. అంటే మా నాన్న చేసిన ఉద్యోగం. ఆయనకి ఏనాడూ ఎవరూ అంత మర్యాద ఇవ్వలేదు. నేనక్కడ కాసేపు కూర్చుండిపోయాను.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మనకి నీళ్ళు ఇంటి ముందుకొస్తున్నాయి. వచ్చిన నీళ్ళలో మనం ఏం కలుపుతున్నామో మీకు తెలుసు. రొయ్యల చెరువుల మురుగు ఏ కాలువలోకి పోతోందో తెలుసు. గోదారి పక్కన పుట్టినవాళ్ళు ఎడారికి పోయి ఏం చూస్తారన్నారు కదా మీవారు. గోదారి పక్కన పుట్టినవాళ్ళే వెళ్ళి చూడాలి ఆ మూరెడు కాలువని. ఆయన రైతు, నాకంటే ఆయనకే బాగా అర్థమవుతుంది. ఆయన్ని అక్కడ గంటసేపు వదిలేయమని మీ అబ్బాయికి చెప్పండి. నిజ్వా కోట చూడ్డానికి తొందరపెట్టొద్దు. కోటలో ఖర్జూరం బస్తాలు పేర్చి, కారే పాకం పట్టుకోవడానికి నేలలో గాళ్ళు తీసిన గది ఒకటి ఉంది, అదొక్కటీ చూసినా చాలు.

వచ్చేటప్పుడు ఖర్జూరం, ఒమన్ హల్వా తెచ్చుకోండి. హల్వా నెయ్యి, కుంకుమపువ్వు, గులాబీ నీరు వేసి గంటలకొద్దీ కలిపి చేస్తారు, మన బందరు హల్వాకి దగ్గర రుచి. దాన్ని యాలకుల కాఫీతో ఇస్తారు. ఆ కాఫీలో పాలుండవు, చక్కెర ఉండదు. రెండో గుక్కకి అలవాటవుతుంది.

ప్రశ్న: మేడమ్, నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మాది అంతర్వేది దగ్గర. మా బాబాయి మస్కట్‌లో పనిచేస్తాడు. వాళ్ళ ఊరు కూడా మాలాగే సముద్రం ఒడ్డునే ఉందట. సముద్రం పక్కనుంటే వానలు పడాలి కదా. మరి అక్కడ ఎడారి ఎందుకుంది?
– ఒక విద్యార్థి

జవాబు: బాబూ, అట్లాసు తీసి కర్కట రేఖ మీద వేలు పెట్టి పడమటికి జరుపు. వేలు మస్కట్‌కి కొంచెం కిందుగా పోతుంది. ఈ రేఖ చుట్టుపక్కల పైనున్న గాలి కిందికి దిగుతూ ఉంటుంది. దిగే గాలి వేడెక్కుతుంది, ఆరిపోతుంది. సముద్రం నుంచి ఆవిరి లేస్తుంది, కానీ పైన గాలి మూత వేసినట్టు ఉంటే అది మబ్బుగా మారేంత ఎత్తుకి పోలేదు. అందుకే మస్కట్‌లో వేసవిలో ఒళ్ళంతా చెమట పడుతుంది గానీ చినుకు పడదు. వానకి తేమ ఒక్కటే చాలదు, అది పైకి లేవాలి కూడా.

మరి నైరుతి రుతుపవనాలో అంటావా? అవి ఒమన్ తీరాన్ని పక్కనుంచి దాటుకుంటూ మన దేశం వైపు వచ్చేస్తాయి. దక్షిణాన సలాలా అనే ఊరి కొండలకి మాత్రం జూన్ నుంచి సెప్టెంబరు దాకా పొగమంచు, తుంపర తగులుతాయి. అక్కడ కొండలు పచ్చబడతాయి, కొబ్బరి చెట్లు కూడా ఉన్నాయి. మస్కట్ నుంచి అది దాదాపు 1000 కిలోమీటర్లు.

సముద్రం పక్కన ఎడారి ఇంకో కారణంతో కూడా వస్తుంది. దక్షిణ అమెరికాలో లిమా ఊరి ముందు, ఆఫ్రికాలో నమీబియా తీరం ముందు చల్లటి ప్రవాహాలు పోతుంటాయి. చల్లటి నీటి మీద గాలి కూడా చల్లబడి కిందే ఉండిపోతుంది. పొగమంచు వస్తుంది, వాన రాదు.

నీకు ఇంకో సంగతి చెప్పాలి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది, గుర్తుందా? నువ్వు చిన్నవాడివి అప్పటికి. అది దేశాన్ని అడ్డంగా దాటుకుని అరేబియా సముద్రంలోకి పోయి, అక్కడ మళ్ళీ బలం పుంజుకుని షాహీన్ అనే కొత్త పేరుతో అక్టోబరు 3న ఒమన్ తీరాన్ని కొట్టింది. శ్రీకాకుళం మీదుగా వచ్చిన తుపానే వారం తిరిగేసరికి ఎడారిలో వరద తెచ్చింది. అంతకుముందు 2007 జూన్‌లో గోను తుపానుకి మస్కట్ వీధులు మునిగి, ఒమన్‌లో దాదాపు 50 మంది చనిపోయారు. ఎడారి నేల నీళ్ళు పీల్చుకోదు. కొండ మీద పడ్డదంతా ఒక్కసారిగా వాదీ అనే ఎండు వాగుల్లోకి దూకుతుంది. మీ బాబాయికి ఫోన్ చేసినప్పుడు ఇది చెప్పు: కొండల వైపు మబ్బు కనిపిస్తే వాదీలో బండి పెట్టొద్దు, వాగు పారుతుంటే దాటొద్దు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఏం జరిగిందో మీ తాతయ్యనడుగు. నీళ్ళు ఎంతసేపట్లో వస్తాయో ఆయన చెప్తారు.

ప్రశ్న: టీచర్ గారూ, నాకు 26. మాది రాజోలు దగ్గర. ఒక ఏజెంటు మస్కట్‌కి విజిట్ వీసా మీద పంపిస్తానంటున్నాడు. ముందు ఊరు చూసినట్టు వెళ్ళి, అక్కడ ఇంటిపనిలో చేరితే వీసా మార్పిస్తాడట. లక్షా ఇరవై వేలు అడిగాడు. పాపకి మూడేళ్ళు. వెళ్ళొచ్చా?
– ఒక సోదరి

జవాబు: వద్దమ్మా. ఇలా మాత్రం వద్దు.

ఊరు చూసే వీసా మీద పని చేయడం అక్కడ నేరం. పట్టుబడితే శిక్ష నీకే, ఏజెంటుకి కాదు. జీతం ఇవ్వకపోయినా, కొట్టినా, పోలీసుల దగ్గరికి పోవడానికే భయపడాల్సి వస్తుంది. నేను అరిసెలు పట్టుకెళ్ళి ఇచ్చిన పిల్ల సరైన కాగితాల మీద వెళ్ళింది కాబట్టే సెలవు పెట్టి బయటికొచ్చి నన్ను కలవగలిగింది. అదే ఇంట్లో ఆమెతో పాటు పనిచేసిన ఇంకో ఊరి అమ్మాయి విజిట్ వీసా మీద వచ్చి, వీధిలోకి కూడా రాలేక ఏడాదిన్నర గడిపిందట.

పది పాసవ్వనివాళ్ళకి ఇచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకి మన ప్రభుత్వం 30 ఏళ్ళు నిండాలని నియమం పెట్టింది, ఒమన్‌కి కూడా. ఏజెంటు నిన్ను విజిట్ వీసా మీద పంపిస్తాననడానికి అసలు కారణం బహుశా ఇదే. నీ వయసు నీకు తెలుసు, అతనికీ తెలుసు. ఏ ఏజెంటుకైనా విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి. ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో లైసెన్సు ఉన్నవాళ్ళ జాబితా ఉంటుంది. మీ ఊళ్ళో చదువుకున్న పిల్లాడెవరైనా ఐదు నిమిషాల్లో చూసిపెడతాడు. అతని పేరు అందులో లేకపోతే ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. పేరున్నా, రసీదు ఇవ్వనంటే ఇవ్వకు. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఫోన్‌లో ఉన్న మెసేజీలు, డబ్బు పంపిన వివరాలు చెరపకుండా ఉంచుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళు. ఒంటరిగా వద్దు, ఇంట్లో పెద్దవాళ్ళని తోడు తీసుకెళ్ళు.

నీకు డబ్బు అవసరం ఎంత ఉందో నేను ఊహించగలను. మూడేళ్ళ పాపని వదిలి పోవడానికి ఏ తల్లీ సరదాగా సిద్ధపడదు. ఎంత అప్పుంది, ఎవరికి ఉంది, నీకు కుట్టుపనో, లేసు అల్లకమో, ఇంకేదైనా వచ్చా అన్నది రాయి. ఈ పేజీలో వేయను, నేనే జవాబిస్తాను. ఏజెంటుకి డబ్బు కట్టే గడువు ఏదైనా పెట్టాడేమో ఆ తేదీ కూడా రాయి, దానికి ముందే నా ఉత్తరం నీకు చేరాలి.